డైనీసమ్మ

లేసుకి కుంకుడురసమే మంచిది. సబ్బు పెడితే దారం బిరుసెక్కిపోతుంది. పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు వంటా వార్పూ అయ్యాక మధ్యాహ్నాలు అరుగుల మీద కూర్చుని అల్లిన లేసుముక్కలు చంద్రరావు ఇంటికి చేరేసరికి వాటి మీద చెమట ఉండేది, పసుపు ఉండేది, చంటిపిల్లలు కక్కిన పాల మరకలు ఉండేవి. వాటిని కుంకుడురసంలో నానబెట్టి, నలిగిపోకుండా పిండి, పల్చటి గంజిలో ముంచి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి, ఒక్కోదాన్నీ వెలుతురుకి ఎత్తిపట్టి దారం ఎక్కడైనా తెగిందేమో చూడటం నీలవేణి పని. దాన్ని పని అని ఆ ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. "ఇంట్లో ఖాళీగా ఉండేదానివేగా, ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు చంద్రరావు, పెళ్లయిన కొత్తలో. పదిహేనేళ్ల నుంచీ ఆ చెయ్యి వేసే ఉంది.

ఉత్తరాలు కూడా అలాగే ఆమె చేతికొచ్చాయి. చంద్రరావు చదువు ఇంటర్మీడియట్ దగ్గర ఆగిపోయింది. నీలవేణి ఇంగ్లీషు ప్రత్యేకంగా తీసుకుని బి.ఏ. పాసయింది. పెళ్లిచూపుల్లో ఆ సంగతి చెప్పినప్పుడు అత్తగారు, ఆవిడ పేరే చిన్నమ్మాయి, "చదువెందుకులెండి, మావాడేం ఉద్యోగం చేయిస్తాడా ఏంటి" అని నవ్వేసింది. ఉద్యోగం చేయించలేదు గానీ, మద్రాసు కంపెనీలకి రాసే ఉత్తరాలన్నీ ఆమె చేతనే రాయించాడు. రాసేది ఆమె, కింద సంతకం అతనిది. "నా ఇంగ్లీషు బావుందన్నాడే ఆ మేనేజరు" అని ఓసారి భోజనాల దగ్గర సంతోషంగా చెప్పాడు కూడా. ఆ మాట తను ఎవరితో అంటున్నాడో అతనికి తట్టలేదు. నీలవేణి అతని విస్తట్లో మారు వడ్డించింది.

తొంభై ఆరు వేసవిలో రీగా అనే ఊరినుంచి ఓ ఉత్తరం వచ్చింది. మద్రాసులో జరిగిన ఎగ్జిబిషన్‌లో మీ లేసు చూశాను, మాది నారబట్టలూ లేసులూ అమ్మే చిన్న కొట్టు, నమూనాలు పంపగలరా అని టైపు చేసి ఉంది. దేశం పేరు లాట్వియా. తొమ్మిదో క్లాసు చదువుతున్న కూతురు హేమశ్రీ అట్లాసు తెచ్చింది గానీ, అది పాతది. రీగా ఉన్నచోట రష్యా రంగే పూసి ఉంది. కింద సంతకంలో మొదటి పేరు దైనిస్. వెనకాల ఇంటిపేరు ఎవరికీ నోరు తిరగలేదు.

చంద్రరావు ఆ పేరులోని అక్షరాలు వేలితో లెక్కపెట్టినట్టు చదివాడు. "డైనిస్... డెనీస్ అయ్యుంటుంది. మా చిన్నప్పుడు నరసాపురంలో డెనీస్ అని ఓ నర్సు దొరసాని ఉండేది. ఆడమనిషే. స్పెల్లింగు వాళ్ల దేశంలో అలా ఏడుస్తుందేమో" అని తేల్చేశాడు. ఇంకాస్త ఆలోచించి, "లేసు కొనేది ఆడమనిషైతే, అమ్మేదీ ఆడమనిషే అంటే గురి కుదురుతుంది. ఈసారి నీ పేరే పెట్టి రాయి" అన్నాడు.

నీలవేణి తన పూర్తి పేరు ఇంగ్లీషులో రాసింది. బి.ఏ. పరీక్ష కాగితాల తర్వాత అలా రాయడం అదే మొదలు. ఇంట్లో భర్తకి ఆమె "ఏమే", అత్తగారికి "అమ్మాయ్", వీధిలో హేమ వాళ్లమ్మ, లేసు తెచ్చే వాళ్లకి అమ్మగారు. సంతకం కొంచెం వంకరగా వచ్చింది. ఇంకో కాగితం తీసుకుని మళ్లీ రాసింది. "కాగితాలేం ఊరికే వస్తున్నాయా" అన్నాడు చంద్రరావు.

నమూనాలు వెళ్లాయి, ఆర్డరు వచ్చింది, సరుకుతో పాటు ఉత్తరాలూ సాగాయి. రెండు నెలలకొకటి వచ్చేది. మొదట్లో సైజులూ రంగులే. నవంబరులో గాలివాన వచ్చి కొబ్బరిచెట్లు మొదలంటా కూలిపోయి, పదిహేను రోజులు కరెంటు లేక సరుకు ఆలస్యమైందని రాస్తే, జవాబులో సరుకు మాటే లేదు. "శ్రీమతి నీలవేణి గారూ, మీ ఇల్లు నిలబడిందా? మీరెలా ఉన్నారు? ఆ పెద్ద బల్లగుడ్డ అల్లినామె క్షేమమేనా?" అని ఉంది. ఆ బల్లగుడ్డ అల్లింది జ్ఞానమ్మ. మొగల్తూరు దారిలో ఉంటుంది, లేసు అల్లడంలో ఆమెని మించినవాళ్లు లేరు. గాలివానకి ఆమె ఇంటి కప్పు లేచిపోయింది. ఉత్తరం చదివి వినిపిస్తే జ్ఞానమ్మ, "నన్నడిగిందాండీ? నన్నే?" అంది. నీలవేణికి కూడా అదే అనాలనిపించింది. చంద్రరావు గాలివాన రోజున గోడౌనులో సరుకు తడిసిందా అని అడిగాడు. అది తప్పు కాదు, తడిస్తే అందరికీ నష్టమే. కానీ గోడౌను తలుపుకి వీపు ఆనించి రెండు గంటలు నిలబడ్డది నీలవేణి.

అప్పటినుంచి ఉత్తరం వచ్చిన రోజున మధ్యాహ్నం వసారాలో చదవడం అలవాటైంది. చిన్నమ్మాయి కాళ్లు చాపుకుని చెక్కపొడి నములుతూ వినేది. జ్ఞానమ్మ వచ్చిన రోజైతే ఆమె కూడా గుమ్మం దగ్గర కూర్చునేది. "ఆ డైనీసమ్మకి పిల్లలెంతమందో రాయలేదూ?" అని అడిగేది చిన్నమ్మాయి. ఆ పేరు ఆవిడ పెట్టిందే. డైనీసమ్మ ఊళ్లో మంచు పడిందట, డైనీసమ్మ వాళ్లమ్మకి జబ్బు చేసిందట అని వీధిలోనూ చెప్పేది. గోడౌనులో మూటలు కట్టేవాళ్లు కూడా "డైనీసమ్మ గారి సరుకు" అని పక్కన పెట్టేవాళ్లు.

మరుసటేడు వేసవిలో వచ్చిన ఉత్తరం మూడు కాగితాలుంది. నిన్న నా పేరురోజు అని మొదలైంది. మా దేశంలో ప్రతి తేదీకీ కొన్ని పేర్లు ఉంటాయి, కేలండర్లోనే అచ్చువేస్తారు, ఆ పేరున్న వాళ్లకి ఆ రోజు పండగ. పుట్టినరోజుకైతే పిలవాలి, పేరురోజుకి పిలవక్కర్లేదు, గుర్తున్నవాళ్లు పూలు పట్టుకుని వచ్చేస్తారు, కేకూ కాఫీ సిద్ధంగా ఉంచాలి, అని ఉంది. నీలవేణి ఇంగ్లీషు వాక్యాన్ని కళ్లతో చదివి తెలుగులో పైకి చెబుతోంది. "ఊళ్లో అందరి పేర్లూ ఉంటాయా కేలండర్లో? ఆడాళ్లవి కూడా?" అంది చిన్నమ్మాయి. ఉంటాయని చెప్పింది. చిన్నమ్మాయి గోడకున్న కేలండరు వైపు ఓసారి చూసింది.

ఉత్తరం ఇంకా ఉంది. మా అమ్మ నాకీ పేరు పెట్టడానికి కారణం పాటలు. మా భాషలో దైనా అంటే చిన్న పాట, నాలుగు వరసలుంటుంది. తిరగలి విసురుతూ, గొర్రెలు కాస్తూ, మగ్గం మీద కూర్చుని పాడుకున్న పాటలు. లక్షల్లో ఉన్నాయి. పూర్వం ఒక పెద్దాయన వాటిని చిన్న చిన్న చీటీల మీద రాయించి, సొరుగుల బీరువాలో దాచాడు. ఎవరు కట్టారో ఏ చీటీ మీదా లేదు. చాలావరకు ఆడవాళ్లవే అంటారు. అత్తింటికి వెళ్లిన పిల్ల పాటలు, తల్లి లేని పిల్ల పాటలు. తల్లి లేని పిల్ల సూర్యుడితో చెప్పుకుంటుంది, ఎందుకంటే మాకు సూర్యుడు ఆడమనిషి.

"ఆడమనిషా!" అంది చిన్నమ్మాయి. "మరి చంద్రుడో?"

"చంద్రుడు మొగుడటండి."

"బావుంది. పగలల్లా చాకిరీ చేసేది ఆవిడా, రాత్రి తీరుబడిగా తిరిగేది ఆయనా!" అని చిన్నమ్మాయి పకపకా నవ్వింది. జ్ఞానమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నవ్వుతూనే నీలవేణి మూడో కాగితం తిప్పింది. మొదటి వాక్యం: "మా భాషలో మగవాళ్ల పేర్ల చివర 'స్' వస్తుంది. నేను ఆడపిల్లనై పుట్టి ఉంటే మా అమ్మ నాకు దైనా అని పెట్టేది. మగవాణ్ణయ్యాను కాబట్టి దైనిస్‌ని."

నీలవేణి ఆగింది. ఆగి, ఆ వాక్యం దాటేసి, కింద ఉన్నది చదివింది. మీ ఊళ్లో కూడా అలాంటి పాటలున్నాయా, ఉంటే ఒకటి రాసి పంపుతారా, అని. చదువుతున్నంతసేపూ అబద్ధమాడక్కర్లేకపోయింది. తెలుగులో 'నేను' అనే మాటకి ఆడా మగా లేదు. వచ్చాను, తిన్నాను, బాధపడ్డాను, ఎవరైనా అలాగే అంటారు.

ఆ సాయంత్రం అంట్లు తోముతూ తనని తనే ప్రశ్నించుకుంది. ఇన్నాళ్లూ ఆమె ఊహలో రీగాలో ఓ నలభై ఏళ్ల మనిషి ఉండేది. జుట్టు ముడివేసుకుని, మెడలో ఉన్ని శాలువాతో. ఇప్పుడా శాలువా తీసేసి కోటు తొడగాలి. అంతకుమించి మారింది ఏంటి? ఆ ఉత్తరాల్లో ఒక్క మాటైనా మారిందా? తను రాసిన వాటిల్లో చెరిపేసుకోవాల్సింది ఏదైనా ఉందా? ఎంత వెతుక్కున్నా కనపడలేదు. ప్రేమా దోమా ఏమీ లేవు, ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. ఉన్నదల్లా, మీరెలా ఉన్నారు అని అడిగి, జవాబు కోసం ఆగే మనిషి ఒకరు. చెబితే అది పోతుంది. చంద్రరావు ఏమంటాడో అతని గొంతుతో సహా ఆమెకి ముందే వినిపించింది. అందుకని చెప్పలేదు. రెండు రోజులకి కోటు అలవాటైపోయింది.

పాట కావాలన్నారని అత్తగారితో అంటే "నాకేం వచ్చులే" అంది ముందు. మర్నాడు మధ్యాహ్నం, ఎవరూ లేకుండా చూసి, ఓ దంపుళ్ల పాట ఎత్తుకుంది. పెళ్లికి ముందు పోలవరం వైపు వాళ్ల ఊళ్లో వడ్లు దంచుతూ పాడినవట. నలభై ఏళ్లుగా పాడలేదట. "మీ మామగారికి గిట్టేది కాదు, ఇంట్లో ఆడదాని గొంతు వినపడకూడదనేవారు" అంది. గొంతు బొంగురుపోయినా స్వరం తప్పలేదు. ఆ రోజునుంచి వారానికి రెండో మూడో గుర్తుకొచ్చేవి. పుట్టింటికి పంపని మొగుణ్ణి తిట్టే పాట ఒకటి, ఉప్పు ఎక్కువైందని అలిగిన బావ పాట ఒకటి. నీలవేణి నోటుపుస్తకంలో రాసుకుని, ఇంగ్లీషు చేసి, ఒక్కో ఉత్తరంతో ఒక్కోటి పంపింది. పదిహేనేళ్లలో అత్తాకోడళ్లు అంతసేపు పక్కపక్కన కూర్చున్నది లేదు. కాఫీ చల్లారిపోయిందని అత్తగారు అనడం కూడా ఆ రోజుల్లోనే మానేసింది.

తొంభై ఎనిమిది జూన్‌లో నీలవేణి తల్లికి కంటి ఆపరేషనైతే, సాయానికి కోరుకొండ వెళ్లి వారం రోజులుంది. ఆ వారంలోనే రీగా నుంచి కవరు వచ్చింది. చంద్రరావు విప్పాడు. లోపల ఓ ఫొటో. కొట్టు అద్దాల ముందు గుబురు గడ్డంతో ఓ భారీ మనిషి, పక్కన నవ్వుతూ ఓ ఆవిడ. అద్దాల అవతల జ్ఞానమ్మ అల్లిన బల్లగుడ్డ పరిచి ఉంది. ఫొటో వెనక ఇంకుతో ఇంగ్లీషులో రాసి ఉంది: దైనిస్, నా భార్య ఇల్జె. చంద్రరావు గోడౌనులో నలుగురి ముందూ విప్పాడు కవరు. "డైనీసమ్మకి గడ్డముందేంటండీ?" అన్నాడు మూటలు కట్టే అబ్బులు. అందరూ నవ్వారు.

నీలవేణి బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఆమె పెట్టె తెరిచి ఉంది. చీరల కింద, తను రాసినవాటి నకళ్లతో సహా దాచుకున్న ఉత్తరాల కట్ట లేదు. చంద్రరావు వాటన్నిటినీ వీధి చివర ఉండే రిటైరైన ఇంగ్లీషు మాస్టారు పోతురాజు గారి దగ్గరికి పట్టుకెళ్లి మొదటినుంచి చివరిదాకా చదివించాడట. చేతిసంచి కింద పెట్టకుండానే ఆ సంగతి విన్నది నీలవేణి. తన చీరలు మళ్లీ ఎవరో మడతపెట్టి ఉంచారు. మడతలు తనవి కావు.

"రెండేళ్లు ఓ మగాడికి ఉత్తరాలు రాశావా?" అన్నాడు చంద్రరావు.

"మీరే రాయమన్నారు."

"ఆడమనిషనుకుని రాయమన్నాను!"

"నేనూ అలాగే అనుకున్నానండి. తర్వాత తెలిసింది."

"ఎప్పుడు?"

"పాటల గురించి రాసిన ఉత్తరంలో. పోయిన వేసవిలో."

దాచి ఉంటే బావుండేదేమో. దాచబుద్ధి కాలేదు. చంద్రరావు కుర్చీలో కూలబడ్డాడు. "ఏడాది! ఏడాది నుంచి తెలిసి నోరెత్తలేదు. గోడౌనులో నా మొహం చూసి నవ్వుతున్నారు వాళ్లు."

"మాస్టారు ఏమన్నారు?" అని అడిగింది నీలవేణి.

"ఏమంటాడు? ఏమీ లేదండి, లేసూ వానా పాటలూ అన్నాడు. మీ ఆవిడ ఇంగ్లీషు చాలా బావుందండి అన్నాడు." ఆ చివరి మాట అతనికి ఎక్కువ మండినట్టుంది.

వసారాలోంచి చిన్నమ్మాయి గొంతు వినపడింది. "నాకు తెలుసురా చంద్రం."

"ఏం తెలుసు?"

"మగాడని. ఆ రోజు చదువుతా చదువుతా ఆగింది. తర్వాతెప్పుడూ 'ఆవిడ' అనలేదు. మేమందరం డైనీసమ్మ, డైనీసమ్మ అని గోల చేస్తుంటే, తను ఉత్తరంలో ఇలా ఉందండీ అనేది తప్ప, ఆవిడ ఇలా రాసిందండీ అన్న మాటే లేదు. నా కళ్లకి శుక్లాలు గానీ, చెవులకేమొచ్చిందిరా?"

"మరి నాతో చెప్పవేమమ్మా?"

"చెప్తే నా పాటలాగిపోవూ?" అంది చిన్నమ్మాయి.

ఆవిడ చెక్కపొడి డబ్బా మూత పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న, టిఫిన్ తిన్నాక, చంద్రరావు కాగితం, కలం తెచ్చి భార్య ముందు పెట్టాడు. కోపం తగ్గిన మొహంతోనే ఉన్నాడు. రాత్రంతా ఆలోచించి ఓ దారి కనిపెట్టినవాడి మొహం. "ఆర్డరు పోగొట్టుకోలేం. రాయి. నా భార్యకి ఒంట్లో బాగుండట్లేదు, ఇకమీదట ఉత్తరాలు నేనే రాస్తాను అని. అన్నీ నువ్వే రాద్దువుగాని, కింద నా సంతకం. ఎప్పటిలాగే."

నీలవేణి కాగితం వైపు చూసింది. ఎప్పటిలాగే అన్న మాటలో ఏమీ విడ్డూరం లేదు. పదిహేనేళ్లు ఎప్పటిలాగే జరిగింది. ఇంగ్లీషు తనది, సంతకం అతనిది. మెప్పు అతనిది, మళ్లీ రాయడం తనది. రెండేళ్ల పాటు తన పేరు తన మాటల కింద ఉంది, అంతే. అతనికి ఆమె రాయడం అభ్యంతరం కాదు. మగవాడికి రాయడమూ అభ్యంతరం కాదు, రేపు మళ్లీ రాయమంటూనే ఉన్నాడు. పేరొక్కటే అడ్డం.

"రాయనండి" అంది.

"ఏంటి?"

"నాకు ఒంట్లో బాగానే ఉంది. బాలేదని ఎలా రాయను?"

అరిచాడు. బతిమాలాడు. ఈసారికి రాయమన్నాడు. ఆమె ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత నాలుగు రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. అయిదో రోజు పోతురాజు మాస్టారి చేత రాయించాడు. ఆయన పాతకాలపు మనిషి, నా సతీమణి తీవ్ర అనారోగ్యంతో ఉన్నదని తమకు విన్నవించుకొనుచున్నాను అన్న ధోరణిలో రెండు పేజీలు రాశాడు. ఉతకడం, గంజి, ఇస్త్రీ, వంట, అన్నీ నీలవేణి మునుపటిలాగే చేసింది. కలం మాత్రం ముట్టుకోలేదు. మద్రాసు ఉత్తరాలు కూడా మాస్టారే రాసేవాడు. ఆయనకి మోకాళ్లు నొప్పులు, పిలిచినప్పుడల్లా రాలేడు.

నవంబరులో రీగా నుంచి జవాబొచ్చింది, చంద్రరావు పేరు మీద. మాస్టారు ఊళ్లో లేడు. చంద్రరావు కాసేపు కవరు చేతిలో తిప్పి, తీసుకొచ్చి నీలవేణి ముందున్న బల్ల మీద పెట్టాడు. ఆమె చదివింది. రష్యాలో బ్యాంకులు కుప్పకూలాయి, మా దేశంలో కూడా చాలా మంది దెబ్బతిన్నారు, నెలాఖరుకి కొట్టు మూసేస్తున్నాము, ఇకమీదట ఆర్డర్లు ఇవ్వలేము, క్షమించండి. చివర్లో: "శ్రీమతి నీలవేణి గారి జబ్బు సంగతి తెలిసి నేనూ ఇల్జె చాలా బాధపడ్డాము. ఆమె త్వరగా కోలుకోవాలి. ఆమె పంపిన పాటలన్నీ మా దగ్గర ఉన్నాయి."

ఈసారి ప్రతి ముక్కా తెలుగులో చెప్పింది.

"నువ్వు రాసుంటే పోయేది కాదేమో" అన్నాడు చంద్రరావు, పైకి చూడకుండా.

"కొట్టే మూసేస్తున్నారు. ఎవరు రాసినా పోయేదేనండి."

అది నిజమని అతనికీ తెలుసు. లేచి గోడౌనుకి వెళ్లిపోయాడు.

నీలవేణి ఆ మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఉత్తరం రాసింది. రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. చిన్నమ్మాయి పక్కనే కూర్చుని ఓ పాట చెప్పింది, ఇంతవరకూ పంపనిది. నీలవేణి రాసుకుంటుంటే మెడ చాపి చూసింది.

"కింద నా పేరు పెట్టు" అంది. "చిన్నమ్మాయి పాడింది అని. పాలకొల్లు అని కూడా పెట్టు."

"పెట్టానండి అత్తయ్యగారూ."

కవరు అంటించి, చీర మార్చుకుని, పోస్టాఫీసు మూసేలోపు చేరాలని గుమ్మం దిగుతుంటే చంద్రరావు ఎదురొచ్చాడు. చేతిలో ఎయిర్‌మెయిల్ కవరు చూశాడు.

"కొట్టు మూసేశాక ఇంకా ఉత్తరమేంటి? ఏం పని ఉందని?"

"పనేం లేదండి."

"పని లేకుండా ఓ మగాడికి ఉత్తరం రాస్తావా?"

"ఆ."

"అందులో ఏం రాశావు?"

నీలవేణి కవరు దాచలేదు, గొంతూ పెంచలేదు. ఇన్నాళ్లూ అతనికి ఉత్తరాలు చదివి చెప్పిన తీరులోనే చెప్పింది. "నా పేరు నీలవేణి, నాకు జబ్బేమీ లేదు, అది అబద్ధం. మీరు ఆడమనిషి అనుకున్నన్నాళ్లూ మా ఇంట్లో నన్ను నా పేరుతో రాయనిచ్చారు. ఇప్పుడు మగవారని తెలిసింది, వద్దన్నారు. అయినా రాస్తున్నాను, అని రాశానండి. ఇంకేమైనా కలపమంటారా?"